ఏ నేల మీద పందెం?

రాత్రి తొమ్మిదిన్నర. కొత్తగూడెం రుద్రంపూర్‌లో ఓ ఇంటి అరుగు. మేనల్లుడు తన సెల్‌ఫోన్ తెచ్చి మామ చేతిలో పెట్టాడు. తెర మీద ఎనిమిది గుర్రాల పేర్లు. వాటి పక్కన బారులు తీరిన అంకెలు.

"చూడు మామా... దీని రేటింగ్ 72. పోయిన మూడు పందేల్లో రెండు కొట్టింది. ఇవాళ దీన్ని ఆపేది లేదు" అన్నాడు హుషారుగా.

ముప్ఫై ఏళ్లు బొగ్గుబాయిలో దిగి రిటైరైన మామకు గుర్రాల సంగతి తెలీదు. కళ్లజోడు సర్దుకుని తెర వంక చూశాడు. ఒక్కటే అడిగాడు.

"ఇది ఉరికేది ఏ నేల మీదరా అల్లుడూ?"

అల్లుడు నీళ్లు నమిలాడు. పందెం జరిగేది ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్‌లో. అక్కడ నేల ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు?

కొత్తగూడెంలో ఏ ఇంటి ముందైనా జరగగల సంభాషణే ఇది. విచిత్రం ఏమిటంటే, గుర్రప్పందేల లెక్కలు కట్టడంలో తలపండినవాళ్లు మొట్టమొదట వేసుకునే ప్రశ్న కూడా మామ అడిగిందే. గుర్రం పేరు కాదు, జాకీ పేరు కాదు... ముందు నేల. ఆ తర్వాతే మిగతావన్నీ.

గోదారి ఒడ్డున చూస్తే చాలు

నేలకూ పరుగుకూ ఉన్న సంబంధం తెలుసుకోవడానికి మలక్‌పేట రేసుకోర్సు దాకా వెళ్లక్కర్లేదు. భద్రాచలంలో గోదావరి ఇసుక తిన్నెల మీద నాలుగడుగులు వేస్తే చాలు. ఎండిన ఇసుకలో కాలు మడమ దాకా దిగబడుతుంది. పది గజాలు పరిగెత్తేసరికి పిక్కలు పట్టేస్తాయి. నీటి అంచుకు వస్తే అదే ఇసుక గట్టిపడి సిమెంటు గచ్చులా ఉంటుంది. పిల్లలు కేరింతలు కొడుతూ పరిగెత్తేది అక్కడే. ఇంకో రెండడుగులు వేసి నీళ్లలోకి దిగితే మళ్లీ కాలు కూరుకుపోతుంది. ఇసుక ఒకటే. మారింది అందులో ఉన్న తడి మాత్రమే.

ఈ సంగతి బొగ్గుబాయిలో పనిచేసినవాళ్లకు ఇంకా బాగా తెలుసు. బొగ్గు తవ్వేసిన ఖాళీల్లోకి ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల ద్వారా పంపి నింపే పనిని వాళ్లు స్టోయింగ్ అంటారు. నీరు జారిపోయాక ఆ ఇసుక ఎలా బిగుసుకుంటుందో కళ్లారా చూసినవాళ్లు వాళ్లు.

అమెరికాలో ఎక్కువ పందేలు జరిగే 'డర్ట్' ట్రాకు ఇలాంటిదే. ఇసుక, ఒండ్రు, బంకమట్టి కలిపిన మెత్తటి పొర పైన, గట్టి పొర కింద. కొంచెం తడి తగిలితే వేగం పెరుగుతుంది. పైన నీళ్లు నిలిచినా కింది పొర గట్టిగా ఉంటే వేగం తగ్గకపోవచ్చు. నీళ్లు ఇంకి సగం ఆరినప్పుడే బురద జిగటగా మారి కాళ్లను పట్టుకుంటుంది. ముందున్న గుర్రాల గిట్టలు ఎగజిమ్మే మట్టి వెనకవాటి మొహాన కొడుతుంది. ఆ దెబ్బలు తింటూ పరిగెత్తడం అన్ని గుర్రాలకూ నచ్చదు. అందుకే అక్కడ మొదటి నుంచీ ముందుండే గుర్రానికి కాస్త మొగ్గు ఎక్కువ.

పచ్చిక ట్రాకు దారి వేరు. వేళ్లన్నీ అల్లుకుని గిట్టకు పట్టు ఇస్తాయి. ఎండాకాలం గట్టిగా, చురుగ్గా ఉంటుంది. వానలు పడితే మెత్తబడి కాలు లాగేస్తుంది. అప్పుడు వేగం ఉన్న గుర్రం కంటే దమ్మున్న గుర్రానికి పని సులువు. పచ్చిక మీద చాలా పందేల్లో మొదట్లో అందరూ ఊపిరి దాచుకుంటారు. అసలు పోటీ చివరి ఆరువందల మీటర్లలోనే.

తూకం వేసిన పందెం

గుర్రప్పందేల్లో హ్యాండిక్యాప్ అనే మాట తరచూ వినిపిస్తుంది. అదేమిటో ఖమ్మం, కృష్ణా, గుంటూరు వైపు ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు చప్పున అర్థమవుతుంది. పాలపళ్ల గిత్తలకు ఒక బండ, రెండు పళ్లవాటికి ఇంకొంచెం బరువైన బండ, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు... ఇలా వయసును బట్టి విభాగాలు. బలవంతుడికీ బక్కవాడికీ ఒకే బరువు పెడితే అది పోటీ కాదన్నది అందులోని నీతి.

గుర్రప్పందెంలో ఈ నీతిని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లారు. ప్రతి గుర్రానికీ దాని పాత ఫలితాలను బట్టి ఒక రేటింగ్ ఇస్తారు. మన దేశంలో సాధారణంగా రేటింగ్‌లో ఒక్కో పాయింటుకు అర కిలో లెక్క. 80 రేటింగ్ ఉన్న గుర్రం 60 కిలోలు మోస్తే, అదే పందెంలో 70 రేటింగ్ ఉన్నది 55 కిలోలు మోస్తుంది. జాకీ, జీను కలిపి ఆ బరువు తూగకపోతే మిగతాది సీసపు పలకలతో నింపుతారు. పందెం అయ్యాక మళ్లీ తూచి చూస్తారు. మైలు దూరానికి ఒక కిలో అంటే దాదాపు ఒక గుర్రం పొడవు తేడా అని పెద్దల అంచనా.

ఈ బరువుల లెక్కకు ఓ శాస్త్రం లాంటి రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు ఇంగ్లండుకు చెందిన అడ్మిరల్ రౌస్. 1855లో ఆయన అక్కడ అధికారిక హ్యాండిక్యాపర్ అయ్యారు. హ్యాండిక్యాపర్ కల ఒక్కటే: గుర్రాలన్నీ ఒకే క్షణాన గీత దాటాలి. అది ఎన్నడూ జరగదు. కానీ ఆయన తన పని ఎంత బాగా చేస్తే పందెం కాసేవాడి పని అంత కష్టమవుతుంది. ఇది గుర్తుంచుకోవాల్సిన మాట. 'బాగా పరిగెత్తే గుర్రం' అన్న సంగతి అల్లుడి కంటే ముందే ఆయన లెక్కలోకి వచ్చేసింది. దాని వీపు మీద బరువై కూర్చుంది.

మరి రేటింగ్ దేని మీద ఇచ్చారు? ఫలానా నేల మీద పరిగెత్తిన ఫలితాల మీద. నేల మారితే ఆ అంకెకు విలువ ఎంత? చిక్కంతా ఇక్కడే.

ఒకే నవాబు, ఒకే ఏడాది

కొత్తగూడేనికీ మలక్‌పేటకూ ఓ చిత్రమైన చుట్టరికం ఉంది. ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు తవ్వే హక్కులు హైదరాబాద్ దక్కన్ కంపెనీ చేతికి వచ్చింది 1886లో. ఆ కంపెనీయే తర్వాత సింగరేణి అయింది. అంతకుముందు మౌలాలిలో జరిగే గుర్రప్పందేలు మలక్‌పేటకు మారిందీ 1886లోనే. రెండింటికీ కాలం ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఏలుబడే. మలక్‌పేటలోని మహబూబ్ మాన్షన్‌లో ఉంటూ పందేలు చూడాలన్న ముచ్చటతో ఆయన వాటిని అక్కడికి మార్పించారని చెబుతారు.

మలక్‌పేటలో పందేలు జరిగేది పచ్చిక మీద. రోజూ తెల్లవారుజామున గుర్రాలు సాధన చేసేది మాత్రం ఎక్కువగా ఇసుక ట్రాకు మీద. ఫలానా గుర్రం 600 మీటర్లు ఇన్ని సెకన్లలో పరిగెత్తింది, సులువుగా కదిలింది అంటూ ఇంగ్లిషు పేపర్లలో ఓ మూల చిన్న అక్షరాలతో పడే అంకెలు చాలావరకు ఆ ఇసుక మీద గడియారం చూసి రాసినవే. వాటిని పట్టుకుని 'ఇసుకలోనే ఇంత వేగం ఉంటే గడ్డి మీద ఇంకెంత?' అని లెక్క కట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఇసుకలో కష్టపడి లాగే బలమైన గుర్రం వేరు, పచ్చిక మీద తేలిపోయే గుర్రం వేరు. పైగా సాధనలో గుర్రాన్ని పూర్తి వేగంతో తోలరు. ఆ అంకె గుర్రం ఆరోగ్యంగా ఉందని చెబుతుంది. గెలుస్తుందని చెప్పదు.

హైదరాబాద్‌లో వానాకాలపు సీజన్ సాధారణంగా జులైలో మొదలై అక్టోబరు దాకా నడుస్తుంది. నడి వానల్లో మెత్తబడిన పచ్చిక మీద వచ్చిన ఫలితాన్ని తీసుకొచ్చి, చలికాలపు గట్టి నేల మీద పందేనికి అతికిస్తే సరిపోదు. ఒకే ట్రాకు, ఒకే గడ్డి... అయినా రెండు నేలలు.

మూడో నేల వచ్చింది

పచ్చిక, మట్టి చాలవన్నట్టు మనిషి మూడో నేలను తయారుచేశాడు. అదే సింథటిక్ ట్రాకు. సన్నటి ఇసుకకు మైనం పూత పూసి, అందులో కృత్రిమ దారపు పోగులు, రబ్బరు ముక్కలు కలిపి పరుస్తారు. వాన కురిస్తే నీరు పైన నిలవకుండా అడుగునున్న రాళ్ల పొరల గుండా దిగిపోతుంది. మంచులోనూ వానలోనూ పందేలు ఆగకూడదన్నది ఉద్దేశం. ఇంగ్లండులోని లింగ్‌ఫీల్డ్ పార్క్‌లో 1989లో ఇలాంటి ట్రాకు మీద పందేలు మొదలయ్యాయి. ఆ తర్వాత పాలీట్రాక్, టాపెటా లాంటి కొత్త రకాలు వచ్చాయి. టాపెటా అంటే లాటిన్‌లో తివాచీ అని అర్థం.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఇంకా ముందుకెళ్లింది. కాళ్లు విరిగి గుర్రాలు చనిపోవడం ఎక్కువైందని, పెద్ద రేసుకోర్సులన్నీ 2007 చివరికల్లా సింథటిక్‌కు మారాల్సిందేనని 2006లో ఆదేశించింది. దాంతో పందెం లెక్కలు కట్టేవాళ్ల పుస్తకాలన్నీ ఒక్కసారిగా తలకిందులయ్యాయి.

2008 అక్టోబరులో శాంటా అనీటాలో జరిగిన బ్రీడర్స్ కప్ క్లాసిక్ పందేన్ని ఇప్పటికీ ఉదాహరణగా చెప్పుకుంటారు. అంతకుముందు ఏడాది అదే పందేన్ని మట్టి మీద గెలిచిన కర్లిన్, ఆ మార్చిలో దుబాయ్ వరల్డ్ కప్‌ను కూడా మట్టి మీదే గెలిచి వచ్చింది. అందరి చూపూ దాని మీదే. తీరా చూస్తే నాలుగో స్థానం. గెలిచింది ఇంగ్లండులో పచ్చిక మీద పేరు తెచ్చుకున్న రావెన్స్ పాస్. రెండో స్థానం కూడా పచ్చిక గుర్రానిదే. కర్లిన్ రాత్రికి రాత్రి చెడిపోయిన గుర్రం కాదు. నేల మారింది. కొత్త నేల నడత మట్టి కంటే పచ్చికకే దగ్గరగా ఉంటుందని ఆ రోజు చాలామంది డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నారు.

అలాగని నేలే సర్వం అనుకున్నా పొరపాటే. జెన్యాటా అనే ఆడగుర్రం 20 పందేల్లో 19 గెలిచింది. వాటిలో ఎక్కువ కాలిఫోర్నియా సింథటిక్ మీదే. 2009లో అదే క్లాసిక్ పందేన్ని గెలిచిన మొదటి ఆడగుర్రమూ అదే. మట్టి మీద దీని పప్పులు ఉడకవన్నారు. 2010 నవంబరులో చర్చిల్ డౌన్స్ మట్టి మీద అది ఓడిన మాట నిజమే. తేడా ఎంత? ఒక్క తల పొడవు. గొప్ప గుర్రం ఏ నేల మీదైనా గొప్పదే. మామూలు గుర్రాలకే నేల పట్టింపు ఎక్కువ. రోజూ జరిగే పందేల్లో ఉండేవి చాలావరకు మామూలు గుర్రాలే.

సింథటిక్ 'ఎప్పుడూ ఒకేలా ఉంటుంది' అన్న మాట కూడా నిలబడలేదు. ఎండకు మైనం మెత్తబడుతుంది. డెల్ మార్ ట్రాకు పొద్దున చల్లదనంలో ఒకలా, మధ్యాహ్నం ఎండలో మరోలా ఉంటోందని శిక్షకులు మొత్తుకున్నారు. మే నెలలో 45 డిగ్రీలు చూసే కొత్తగూడెం వాళ్లకు ఇది చెప్పాల్సిన పనిలేదు. తారు రోడ్డు మధ్యాహ్నం చెప్పుకు అంటుకోవడం చూస్తూనే ఉంటారు. శాంటా అనీటాలో 2008 జనవరి వానలకు నీరు ఇంకక పందేలే రద్దయ్యాయి. చివరికి 2010 డిసెంబరులో ఆ ట్రాకు మళ్లీ మట్టికి మారింది. దుబాయ్ మెయ్‌దాన్‌లో 2010లో పరిచిన టాపెటాను తీసేసి 2015 వరల్డ్ కప్ నాటికి మట్టి పోశారు. డెల్ మార్ కూడా 2015లో అదే దారి పట్టింది.

ఇక మన అల్లుడి వుల్వర్‌హాంప్టన్ సంగతి. 1993లో అక్కడ వేసింది ఫైబర్‌సాండ్. 2004లో పాలీట్రాక్. 2014లో టాపెటా. ఒకే ఊరు, మూడు నేలలు. ఇంకో మెలిక... బ్రిటన్‌లో ఒకే గుర్రానికి పచ్చిక రేటింగ్ ఒకటి, సింథటిక్ రేటింగ్ ఒకటి వేర్వేరుగా ఉండొచ్చు. పైగా అక్కడ ఒక్కో పాయింటు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాములు. అల్లుడు చూపిన 72 దేనిది? ఆ రెండు గెలుపులు ఏ నేల మీద వచ్చాయి? తెర మీద ఆ ముక్క లేదు.

కాలు విరిగితే...

ఈ లెక్కల్లో డబ్బు కంటే పెద్ద విషయం ఒకటుంది. గుర్రం ప్రాణం. దాదాపు 500 కిలోల శరీరం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్తుంటే, ఒక్కో అడుగులో ఆ భారమంతా క్షణం పాటు ఒక్క సన్నటి కాలు మీద పడుతుంది. ఎముక చిట్లితే అతకడం చాలా కష్టం. చాలాసార్లు దాని కథ ట్రాకు మీదే ముగుస్తుంది.

అమెరికాలో జాకీ క్లబ్ 2009 నుంచి ఈ మరణాల లెక్క రాస్తోంది. మొదటి ఏడాది వెయ్యి పరుగులకు రెండు మరణాలు. 2023లో అది 1.32కు తగ్గింది. నేలల వారీగా చూస్తే ఆ ఏడాది మట్టి మీద 1.43, పచ్చిక మీద 1.13, సింథటిక్ మీద 0.97. ఏటా అంకెలు అటూ ఇటూ మారినా, మొత్తమ్మీద సింథటిక్కే తక్కువ ప్రాణాలు తీసిందని ఈ లెక్కలు చెబుతున్నాయి. వెనక కాళ్లకు, కండరాలకు దెబ్బలు ఎక్కువవుతున్నాయని కొందరు శిక్షకులు ఫిర్యాదు చేసిన మాట కూడా ఉంది. మళ్లీ మట్టికి మారిన శాంటా అనీటాలోనే 2019 జూన్ నాటికి ఆరు నెలల్లో పందేల్లోనూ సాధనలోనూ దాదాపు 30 గుర్రాలు చనిపోయాయి. మధ్యలో కొన్నాళ్లు పందేలే ఆపేశారు. పందెం కాసేవాడికి నచ్చిన నేల, గుర్రానికి మంచిదైన నేల ఒకటే కావాలని లేదు. ఈ వాదన ఇంకా తెగలేదు.

ఇంటి లెక్క

గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1996లో తమిళనాడు కేసులో తేల్చింది. నిజమే. పైన చెప్పుకున్న నేల, బరువు, వాన, దూరం అన్నీ బేరీజు వేయడం నైపుణ్యమే. కానీ నైపుణ్యం ఉంటే డబ్బు వస్తుందని కోర్టు చెప్పలేదు. పందెం పూర్తి విలువ మీద 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. గెలిచినా ఓడినా కట్టాల్సిందే. క్లబ్బు కోత దానికి అదనం. ఏ గుర్రం వీపు మీదా ఇంత బరువు ఉండదు!

సెల్‌ఫోన్ పందేల సంగతి వేరు. తెలంగాణలో 2017లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అయినా దొంగదారిన వచ్చే యాప్‌లు ఉంటూనే ఉన్నాయి. అక్కడ గెలిచినా డబ్బు ఇవ్వకపోతే అడిగే దిక్కు లేదు.

కొత్తగూడెంలో ఇది మరింత జాగ్రత్తగా వినాల్సిన మాట. దసరా ముందు సింగరేణి లాభాల వాటా చేతికొస్తుంది. 2024లో ఒక్కో కార్మికుడికి సగటున 1.90 లక్షల రూపాయలు అందాయి. ఏడాదంతా చెమటోడ్చిన డబ్బు అది. పిల్ల ఫీజో, ఇంటి స్లాబో, అమ్మ కంటి ఆపరేషనో దాని కోసం కాచుకుని ఉంటాయి. మలక్‌పేటలో వానాకాలపు పందేలు జోరుగా సాగేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఆట మీద ఆసక్తి తప్పు కాదు. ఆదివారం పేపరు ముందేసుకుని ఏ గుర్రం ఏ నేల మీద ఎందుకు గెలిచిందో కాగితం మీద లెక్క కట్టి చూసుకుంటే మెదడుకు మంచి మేత. రూపాయి పెట్టకుండా నెల రోజులు అంచనాలు రాసుకుని చూస్తే ఎన్ని తప్పాయో తెలుస్తుంది. జేబుకు చిల్లు పడకుండా వచ్చే పాఠం అది.

అరుగు మీద మామ ఫోను తిరిగి ఇచ్చేశాడు.

"ఇంతకీ ఆ 72 ఏ నేలదో చెప్పలేదు?"

"తెలీదు మామా."

"బాయిలో మాకు మొదటి రోజే ఓ మాట చెప్పారురా. పైకప్పు తట్టి, చప్పుడు విన్నాకే అడుగు ముందుకెయ్యమని. పక్కోడు పోతున్నాడు కదా అని పోయినోళ్లు కొందరు మళ్లీ పైకి రాలే."

అల్లుడు తెర ఆర్పేశాడు. లోపల్నుంచి అత్తమ్మ అన్నానికి పిలిచింది.